మూడో గుక్క

మా మేనల్లుడు కాలిఫోర్నియా నుంచి సంక్రాంతికి వస్తూ బట్టల మధ్య ఐదు బీరు డబ్బాలు పెట్టుకొచ్చాడు. ఐదే ఎందుకని అడిగాను. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం కట్టకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లు. డబ్బా ఒక్కోటి 355 మిల్లీలీటర్లు. ఆరైతే 2 లీటర్లు దాటిపోతుంది. అందుకని ఆరు డబ్బాల అట్టపెట్టె కొని, ఒకటి అక్కడే తాగేసి, మిగతావి సర్దుకున్నాడట. ఆ లెక్కకి ముచ్చటేసింది. కానీ మా ఊరు శ్రీకూర్మం చేరిన రాత్రి వాడు చేసిన పని చూసి ఉసూరుమనిపించింది. ఒక డబ్బాని ఫ్రిజ్‌లో మంచుగడ్డలు పెట్టే అరలో దూర్చి, గడ్డకట్టబోయే ముందు తీసి, ఫోన్ చూసుకుంటూ పది నిమిషాల్లో ఖాళీ చేశాడు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"బావుంది మావయ్యా."

"అంటే?"

"అంటే... బావుంది."

అంత లెక్క వేసి, అన్ని వేల మైళ్లు మోసుకొచ్చి, చివరికి వాడికి దక్కింది ఒక్క ముక్క. దానికి బంటుపల్లి బీరు సరిపోయేది కదా అనుకున్నాను. రణస్థలం మండలంలో బంటుపల్లి మాకు ఎంతో దూరం కాదు. అక్కడి పెద్ద ఫ్యాక్టరీలో తయారయ్యే బీరు జనవరిలో ఎలా ఉంటుందో జూన్‌లోనూ అలాగే ఉంటుంది. అలా ఉంచడమే దాని గొప్ప. ఏమరుపాటుగా తాగినా పోయేదేమీ లేదు.

ఈ పుస్తకంలో ఇప్పటిదాకా ధ్యాస గురించి చదువులోనూ, మాటలోనూ, ఖర్చులోనూ చూశాం. ఈ అధ్యాయం నాలుక మీద ధ్యాస గురించి. మందు కబుర్లు మాకెందుకని ముఖం చిట్లించేవాళ్లు చిట్లించండి, కానీ పేజీ తిప్పకండి. తాగనివాళ్లు ఇక్కడ చెప్పే పనులన్నీ టీతోనో, కొబ్బరి నీళ్లతోనో, కొత్త బెల్లంతోనో చేసుకోవచ్చు. తాగేవాళ్లకి మాత్రం ఇది మరీ అవసరం. రుచి తెలియనివాడికి చాలు అనే మాట తెలియదని నా నమ్మకం. బడిపంతులుగా చేసినన్నాళ్లూ జీతాలందిన రాత్రులు స్టాఫ్ రూమ్ మిత్రుల్ని చూసి పెంచుకున్న నమ్మకం అది.

మనవాళ్లకి తాగడం తొందర పని, ఎందుకంటే అది చాటు పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. ఆ ఆడవాళ్ల కోపంలో అన్యాయం ఏమీ లేదు. కూలి డబ్బులు ఇంటికి చేరకపోతే పొయ్యి వెలగదు. కానీ చాలామంది మగవాళ్లు దాంట్లోంచి మానడం నేర్చుకోలేదు, కనబడకుండా తాగడం నేర్చుకున్నారు. గోడ పక్కన నిలబడి, ప్లాస్టిక్ గ్లాసులో సగం నీళ్లు పోసి, ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో మింగి, వేలితో ఊరగాయ నాకి, మూతి తుడుచుకుని పోవడం. ఊపిరి బిగబట్టినప్పుడు ముక్కు పనిచేయదు. ముక్కు పనిచేయకపోతే రుచిలో చాలా భాగం పోయినట్టే. నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. ముక్కు గట్టిగా పట్టుకుని నాలుగు జీలకర్ర గింజలు నమలండి. ఇసుక నమిలినట్టు ఉంటుంది. ఇప్పుడు ముక్కు వదలండి. జీలకర్ర ఒక్కసారిగా నోటి నిండా వచ్చేస్తుంది. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసులో ఉండే కమ్మదనం, దాదాపు అంతే. మిగతాదంతా గొంతు వెనకనుంచి ముక్కుకెక్కే వాసన.

మా వాడి సంగతికి వస్తాను. భోగి, సంక్రాంతి రెండు రోజులూ ఇంట్లో ఆ ఊసు లేదు. కనుమ నాడు తెల్లవారుజామున వాణ్నీ, మా బావనీ లేపి పొలం గట్టుకి తీసుకెళ్లాను. మా వాణ్ని ఒక డబ్బా చేతిలో పట్టుకోమన్నాను, ఫ్రిజ్‌లోది కాదు, రాత్రంతా పెరటి అరుగు మీద ఉన్నది. కూర్మనాథస్వామి గుడి గోపురం కనబడనంత దూరం వెళ్లేదాకా వాడు దాన్ని కండువాలో చుట్టుకునే నడిచాడు. ఆ మాత్రం భయం ఉండాలి. (శ్రీకూర్మం పేరెత్తాక తాబేలు నడక పోలిక వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్లకి క్షమాపణలు. ఆ తాబేళ్లు గుడి ఆవరణలో ఆకుకూర తింటూ హాయిగా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను.)

మా గట్ల మీద ఈత చెట్లున్నాయి. వాటిని గీసే తాత మా నాన్న హయాంనుంచీ అదే పని చేస్తున్నాడు. తాటికల్లు ఎండలు ముదిరేకొద్దీ జోరందుకుంటుంది. ఈతకల్లు చలికాలపు సరుకు. తాటిచెట్టుకి గెల గీస్తారు. ఈతచెట్టుకి మొవ్వ కింద మట్టలు నరికి, మాను మెత్తని భాగాన్ని ఒక పక్క చెక్కి, సాయంత్రం ముంత కడతారు. రాత్రంతా చుక్క చుక్కగా కారి, పొద్దుపొడవక ముందే ముంత దిగుతుంది. ఈ ఏడు ఒక పక్క చెక్కితే, వచ్చే ఏడు అవతలి పక్క. ముదురు ఈతచెట్టు మాను మెట్లు మెట్లుగా వంకర తిరిగి ఉండేది అందుకే.

దించగానే అది ఇంకా కల్లు కాదు, నీరా. తియ్యగా ఉంటుంది. ముంతకి అంటుకుని ఉన్న పాత పులుపు, గాలిలో తిరిగే ఈస్టు అందులో పడి చక్కెరని తినడం మొదలుపెడతాయి. చలి రాత్రి ఈస్టు మందకొడిగా ఉంటుంది కాబట్టి పుష్యమాసపు ఈతకల్లు తెల్లారేసరికి ఇంకా తీపి మీదే ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ నురగ కడుతుంది, పులుస్తుంది, నిషా పెరుగుతుంది. పులియకుండా ఆపాలంటే ముంత లోపల సున్నం పూస్తారు. ఆరింటికి ఒకటి, తొమ్మిదింటికి ఒకటి, మధ్యాహ్నానికి ఇంకొకటి. ఒకే ముంతలో మూడు పానీయాలు. వీటి మధ్య తేడా చెప్పలేనివాడికి నేను పోయించను.

తాత ముంత దించి తాటాకు దొన్నెలో పోశాడు. మా వాడు అలవాటుగా ఎత్తి గటగటా తాగేశాడు.

"ఏటి బాబూ, దాహానికి తాగీసినావా? దాహానికైతే నీలున్నాయి కదా" అన్నాడు తాత.

వాడు సిగ్గుపడి, మాట మార్చడానికి కండువాలోంచి ఎర్ర డబ్బా తీసి తాత దొన్నెలో కొంచెం పోశాడు. ఆ తర్వాత జరిగింది నేను చాలాసార్లు చాలామందికి చెప్పాను. తాత ముందు చెంబులో నీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేశాడు. దొన్నె ముక్కు దగ్గర పెట్టుకుని ఒక నిమిషం ఊరుకున్నాడు. ఒక గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, అదీ ఉమ్మేశాడు. రెండో గుక్క మింగాడు. కాసేపు చెట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. మూడో గుక్క తీసుకుని, నెమ్మదిగా మింగి, ముక్కుతో ఊపిరి వదిలి, అప్పుడు అన్నాడు:

"ఇది సెట్టుది కాదు మాస్టారూ. గింజది. ఏపిన గింజ. సేదు మాత్రం గింజది కాదు, ఆకో పువ్వో ఏసినారు."

మా వాడు డబ్బా తిప్పి చూశాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ, హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్టు, నీళ్లు. ఆరేళ్లుగా ఆ బీరు తాగుతున్నవాడికి తెలియనిది, బార్లీ గింజని గానీ హాప్స్ తీగని గానీ జన్మలో చూడని ముసలాయన మూడు గుక్కల్లో చెప్పాడు. ఆయనకి తెలిసింది బీరు కాదు. ఎలా తాగాలో తెలుసు.

మొదటి గుక్క ఎందుకు ఉమ్మేశావని అడిగాను. "అది నోటి రుసి మాస్టారూ, దీని రుసి కాదు" అన్నాడు. పళ్లపొడి, రాత్రి తిన్న పులుసు, పొద్దున్న పీల్చిన చుట్ట, అన్నీ మొదటి గుక్కలో కలుస్తాయి. రెండో గుక్కకి వచ్చేసరికి మనసు అడ్డొస్తుంది. మనం ఊహించుకున్నదానితో పోల్చి, దీనికన్నా అది నయం అని తీర్పు చెప్పేస్తుంది. మూడో గుక్క దగ్గరే చేతిలో ఉన్నది నోట్లోకి వస్తుంది. ఉమ్మడం మీకు ఇష్టం లేకపోతే మానండి. తీర్పు మాత్రం మూడో గుక్క దాకా ఆపండి. చేదు విషయంలో ఇది మరీ ముఖ్యం. చేదు నాలుక మీద ఆలస్యంగా తేలుతుంది, ఆలస్యంగా వదులుతుంది. కాకరకాయ వేపుడు తినని పిల్లాడు మొదటి ముద్దతోనే లేచిపోతాడు. తినగలిగిన పెద్దవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు మూడో ముద్ద దాకా కూర్చున్నవాళ్లే.

మా వాడు తెచ్చిన బీరుకీ ఈతకల్లులాగే ఒక కాలం ఉంది. కెన్ గ్రాస్‌మన్ అనే ఆయన స్నేహితుడితో కలిసి 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో, పాడి పరిశ్రమ పారేసిన పాత సామాను కొని, సియెరా నెవాడా అనే చిన్న బ్రూవరీ పెట్టాడు. ఆ ఏడాది పంటలో మొదట కోసిన హాప్స్‌తో చలికాలానికి మాత్రమే కాచే 'సెలబ్రేషన్' అనే బీరు 1981 నుంచి తెస్తున్నారు. అమెరికాలో హాప్స్ కోత వేసవి చివర్లో. పువ్వు పాతబడేకొద్దీ వాసన పోతుంది కాబట్టి కొత్త పువ్వుతో కాచినది చలికాలానికి బయటికొస్తుంది. మన కొత్త బెల్లం, కొత్త చింతపండు లాంటిదే. ఆ రకం బీరు పేరులోనే ఇండియా ఉంది, ఇండియా పేల్ ఏల్. 18వ శతాబ్దం చివర్లో లండన్ దగ్గర బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీలో కాచిన బీరు ఓడలెక్కి మద్రాసు, కలకత్తా దొరల బల్లల మీదికి వచ్చేది. హాప్స్ చేదే కాదు, బీరు చెడిపోకుండా కాపాడే గుణమూ ఉంది. 'పేల్' అన్నారు కదాని తెల్లగా ఉంటుందనుకోకండి. నల్లటి పాత బీర్లతో పోలిస్తే పేల్, అంతే. గాజు గ్లాసులో పోసి తూర్పు వెలుగుకి పెడితే అప్పుడే తోమిన రాగి చెంబులా ఉంది.

ఇక మాటల సంగతి. రుచి నిలవాలంటే దానికి పేరు పెట్టాలి. పేరు లేని రుచి మింగగానే పోతుంది. మా వాడు ఇంటర్నెట్‌లో చదివిన పేర్లు చెప్పబోయాడు, గ్రేప్‌ఫ్రూట్ అనీ, పైన్ అనీ. మన ఊళ్లో పుట్టి పెరిగినవాడికి పైన్ చెట్టు వాసన ఎక్కడ తెలుసు? సొంత మాటల్లో చెప్పమన్నాను. కళ్లు మూసుకుని చాలాసేపు తడుముకున్నాడు.

"పంపరపనస తొక్క గిల్లినట్టు ఉంది మావయ్యా."

"ఇంకా?"

"మామిడికాయ తెంపినప్పుడు సొన కారుతుందే... ఆ వాసన."

నాకు సంతోషం ఆగలేదు. వాడన్నది కవిత్వం కాదు. మిర్సీన్ అనే సువాసన పదార్థం హాప్స్‌లోనూ ఉంది, మామిడిలోనూ ఉంది. చిన్నప్పుడు మా పెరట్లో సొన కారి మూతి మాడ్చుకున్న పిల్లాడి ముక్కు ఇన్నాళ్లూ దాన్ని దాచిపెట్టుకుంది. అడిగినవాడు లేక ఊరుకుంది.

తెలుగులో రుచికి మాటలు తక్కువ లేవు. తీపి, చేదుల దగ్గర ఆగకండి. వగరు, చిరుచేదు, ఘాటు, కమ్మదనం, కమురు, పచ్చివాసన, మాగిన వాసన, వెగటు, జిగురు. ఇవన్నీ మన వంటింట్లో మనవాళ్లు రోజూ వాడేవి. ఉగాది పచ్చడిలో ఆరు రుచుల్ని పట్టుకోవడం పిల్లలకి నేర్పే జాతి మనది. పెద్దయ్యాక 'బావుంది', 'బాలేదు' అని రెండు మాటలతో ఎందుకు సరిపెట్టుకుంటున్నామో నాకర్థం కాదు. ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రోజూ తిన్నవాటిలోనో తాగినవాటిలోనో ఒక్కదాని గురించి ఒక్క వాక్యం రాయండి, 'బావుంది' అన్న మాట వాడకుండా. ఒక నెల రాయండి. మొదటి వారం చిరాకు వస్తుంది. నాకూ వచ్చింది. నా పుస్తకంలో మొదటి నాలుగు రోజులూ 'వేడిగా ఉంది' అనే ఉంది.

ఏది రుచి చూసినా మంచులా చల్లగా ఉన్నప్పుడు చూడకండి. చల్లదనం నాలుకని మొద్దుబారుస్తుంది, వాసనని లేవనివ్వదు. మన హోటళ్లలో బీరుని ఐసులో ముంచి ఇస్తారు, దాని లోపాలు కనబడకుండా ఉండడానికి అది బాగా పనికొస్తుంది. పేల్ ఏల్‌కి 8 నుంచి 12 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీశాక పావుగంట బల్ల మీద ఉంచితే ఆ వేడికి వస్తుంది. మా అరుగు మీద రాత్రి గడిపిన డబ్బా దానికన్నా కొంచెం వెచ్చగానే ఉంది, అయినా మొదటి రాత్రి బీరుకీ దీనికీ పోలికే లేదన్నాడు మా వాడు. గ్లాసు నిండా పోయకండి, మూడో వంతు చాలు, వాసన నిలవడానికి చోటుండాలి. స్టీలు గ్లాసులో రంగు కనబడదు. పక్కన పకోడీ, మిక్స్చర్ వద్దు. కావాలంటే తర్వాత తినండి.

ఆ పొద్దున్న ఆ ఒక్క డబ్బా నలుగురికి సరిపోయింది. తాత, మా వాడు, మా బావ, నేను. తలా 90 మిల్లీలీటర్లు కూడా లేదు. ముప్పావు గంట పట్టింది. ఆ బీరులో ఆల్కహాల్ 6.8 శాతం, అంటే డబ్బా మొత్తం మీద 24 మిల్లీలీటర్లు, నలుగురికి పంచితే తలా 6. ఇంకో డబ్బా తెరుద్దామని ఎవరూ అనలేదు. అనాలన్న ఆలోచనే రాలేదు. పది నిమిషాల్లో ఒకటి ఖాళీ చేసినవాడు ఆ మొదటి రాత్రి రెండోదాని కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు, నేను చూశాను. తాగడం తగ్గించుకోవాలని నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను ఒట్టు వేయించుకోను. వేయించుకున్న ఒట్లు ఎన్నాళ్లు నిలుస్తాయో అందరికీ తెలుసు. ఒక గ్లాసుని ముప్పావు గంట తాగి చూపించమంటాను, ఫోన్ పక్కన పెట్టి. కొందరు చేయగలిగారు. చేయలేకపోయినవాళ్లకి, వాళ్లు తాగుతున్నది రుచి కోసం కాదని వాళ్లకే తెలిసింది. అలా తెలిసినవాళ్లని డాక్టరు దగ్గరికి పంపాను. ఈ పుస్తకం వాళ్లకి చాలదు.

కొన్ని హెచ్చరికలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది, ఆల్కహాల్ ఏ కొంచెం తాగినా అది సురక్షితం కాదని. కాబట్టి తాగనివాళ్లు ఈ అధ్యాయం చదివి మొదలుపెట్టకండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మడమే నేరం. కల్లు విషయంలో గీసేవాణ్ని, చెట్టునీ ఎరిగి ఉంటేనే తాగండి. కల్లు పేరుతో మత్తుమందులు కలిపిన తెల్లనీళ్లు అమ్మేవాళ్లు ఉన్నారు. ముంతకి రాత్రి మూత లేకపోతే గబ్బిలాలు మూతి పెడతాయి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత రసం తాగినవాళ్లకి నిపా వైరస్ సోకింది అలాగే. మా తాత ముంత మూతికి ఈతమట్టల అల్లిక కడతాడు. వైరస్ పేరు ఆయన వినలేదు. గబ్బిలం ఎంగిలి తనకి గిట్టదు, అంతే.

మిగిలిన మూడు డబ్బాల్లో రెండు మా బావ బీరువాలో ఉన్నాయి. మూడోది మా వాడు తాతకి ఇచ్చాడు. ఆయన దాన్ని తెరవలేదు. మనవడి పెళ్లి నాడు తెరుస్తానని దాచుకున్నాడు. పాతబడితే పువ్వు వాసన పోతుందని చెప్పాను. "పోతే పోనీ, పోయినాక ఎలాగుంటాదో సూద్దాం" అన్నాడు.

ఈతకల్లు శివరాత్రి వెళ్లేసరికి తగ్గిపోతుంది. మీరు ఈ అధ్యాయం ఎండాకాలంలో చదువుతుంటే తాటిముంజలతో మొదలుపెట్టండి. లేతవి ఏరుకోండి, పొద్దున్నే తినండి, ఫ్రిజ్‌లో పెట్టకండి.